బలమున్నోడు ఒకడు, గెలిచినోడు ఇంకొకడు: సైకిల్ స్టేజ్ రేసుల్లో ఈ లొల్లి ఎందుకు తెగదు?

ఆదివారం తెల్లవారుజామున గండిపేట వైపు నుంచి శంకర్‌పల్లి దాకా తొక్కి, వాపసు వచ్చేటప్పుడు ఒక చాయ్ హోటల్ దగ్గర ఆగుతాం. సైకిళ్లు గోడకు ఆనించి, హెల్మెట్లు తీసి బల్ల మీద పెడతామో లేదో వాదన మొదలైపోతుంది. "అన్నా, యేట్స్ గెలవలేదు. ఆ ఇద్దరు ఓడిపోయిన్రు, అంతే" అంటాడు మాలో అందరికన్నా చిన్నవాడు. "మరి కొండ మీద వాళ్లిద్దర్ని వదిలేసి పోయిందెవడ్రా?" అంటాడు పక్కనున్నాయన. చాయ్ చల్లారిపోతుంది, వాదన చల్లారదు. గొడవంతా 2025 జిరో గురించి. ముందున్న ఇద్దరిని చివర్లో దాటి బ్రిటన్ రైడర్ సైమన్ యేట్స్ గెలిచిన సైకిల్ రేసది. ఇటలీలో ఎప్పుడో ముగిసింది కానీ మా బల్ల మీద ఇంకా నడుస్తూనే ఉంది. జులైలో టూర్ డి ఫ్రాన్స్ మొదలైతే పాత లొల్లికి కొత్తది తోడవుతుంది. ఫ్రాన్స్‌కూ మనకూ ఎండాకాలంలో మూడున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం స్టేజ్ ముగిసే వేళకు ఇక్కడ రాత్రి భోజనాలు అవుతుంటాయి. పదింటికల్లా ఫోన్లు మోగడం మొదలు.

ఈ మధ్య మా గుంపులో చేరిన ఒకావిడ అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది. "ముందు గీత దాటినవాడే కదా గెలిచేది? ఇందులో వాదించడానికి ఏముంది?" అన్నారావిడ. పరుగు పందెంలో అయితే ఏమీ లేదు. సైకిల్ స్టేజ్ రేసులో మాత్రం చాలా ఉంది. అదేమిటో మొదటి నుంచి చూద్దాం.

మూడు వారాలు, ఒకే గడియారం

స్టేజ్ రేస్ అంటే రోజుకొక రేసు చొప్పున రోజుల తరబడి సాగే పోటీ. వాటిలో పెద్దవి మూడు: 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్, 1909లో మొదలైన జిరో డిటాలియా, 1935లో మొదలైన స్పెయిన్ వుయెల్టా. మూడింటికీ కలిపి గ్రాండ్ టూర్లు అని పేరు. ఒక్కోటీ 21 స్టేజీలు, మూడు వారాలు, మధ్యలో విశ్రాంతి రోజులు. టూర్ అయితే దాదాపు 3,400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, తిరిగొచ్చి, ఇంకా కొంత తొక్కినంత.

ప్రతి స్టేజీకీ ఒక విజేత ఉంటాడు. కానీ మొత్తం రేసు గెలిచేది అన్ని స్టేజీల సమయం కలిపితే అందరికన్నా తక్కువ వచ్చినవాడు. ఆ లెక్కలో ఏ రోజుకారోజు ముందున్నవాడు టూర్‌లో పసుపు జెర్సీ, జిరోలో గులాబీ, వుయెల్టాలో ఎరుపు వేసుకుంటాడు. స్ప్రింట్లకు పాయింట్ల జెర్సీ, కొండలకు ఇంకొకటి, కుర్రాళ్లకు మరొకటి ఉన్నాయి. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు, ఎందుకంటే తగువంతా సమయం దగ్గరే.

లెక్క ఇలా ఉంటుంది కాబట్టి, ఒక్క స్టేజీ గెలవకుండానే టూర్ గెలవొచ్చు. 1990లో అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్, 2017లో బ్రిటన్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ అలాగే గెలిచారు. టెస్ట్ మ్యాచ్‌లో సెంచరీ ఒక్కటీ లేకుండా గెలిచిన జట్టును మనం తప్పుపట్టం కదా, ఇదీ అలాంటిదే.

ఇంకో రెండు నియమాలు తెలిస్తే చాలు. గుంపుగా గీత దాటిన వందమందికీ ఒకే సమయం రాస్తారు. గుంపులో 80వ వాడు నిజానికి కొన్ని సెకన్లు వెనక దాటినా, మధ్యలో ఖాళీ లేకపోతే అతనికీ మొదటివాడి సమయమే. రెండోది బోనస్. మామూలు స్టేజీల్లో మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్ల చొప్పున మొత్తం సమయంలోంచి తీసేస్తారు. మూడు వారాలు, దాదాపు ఎనభై గంటలు తొక్కే రేసులో ఈ సెకన్లు ఎందుకు అనిపించవచ్చు. 1989లో లెమాండ్ చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు ఒంటరిగా గడియారంతో పోటీపడే స్టేజీకి (దీన్నే టైమ్ ట్రయల్ అంటారు) దిగినప్పుడు లారాన్ ఫిన్యోన్ కంటే 50 సెకన్లు వెనకున్నాడు. 24.5 కిలోమీటర్ల తర్వాత 8 సెకన్లు ముందున్నాడు. టూర్ చరిత్రలో ఇంత తక్కువ తేడా మళ్లీ రాలేదు.

శంకర్‌పల్లి రోడ్డు మీద గాలి

జూన్, జులైలలో మన దగ్గర గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది. గండిపేట దాటి శంకర్‌పల్లి వైపు తొక్కితే సరిగ్గా ముఖాన కొడుతుంది. ఒకరోజు నేను గుంపు ముందు ఉన్నాను. గంటకు 27 కిలోమీటర్ల వేగం. చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినపడటం లేదు, గుండె 168 కొట్టుకుంటోంది. పది నిమిషాలకు పక్కకు జరిగి, నా వెనకాయన వీల్‌కు మూరెడు దూరంలో చేరాను. హోరు ఆగిపోయింది. ఎంతగా ఆగిందంటే వెనకవాళ్ల గేర్ల టకటకలు, ఒకరి దగ్గు వినిపించాయి. వేగం అదే 27. గుండె 150కి దిగింది. నేను చేసిందల్లా ఒక మనిషి వెనకకు రావడం.

గాలిని చీల్చడానికి పట్టే శక్తి వేగంతో పాటు వరసగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే గాలికి పెట్టే శక్తి ఎనిమిదింతలు కావాలి. గంటకు 40, 45 కిలోమీటర్లతో పరిగెత్తే ప్రొఫెషనల్ గుంపులో రైడర్ శ్రమలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. పెలోటాన్ అని పిలిచే ఆ పెద్ద గుంపులో 121 మంది ఉన్నట్టు నమూనా కట్టి 2018లో పరిశోధకుడు బెర్ట్ బ్లోకెన్ బృందం చూస్తే, లోపల బాగా వెనకున్న రైడర్‌కు తగిలే గాలి నిరోధం ఒంటరిగా తొక్కేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమే ఉంది. ముందున్నవాడు పోరాడుతుంటే మధ్యలో ఉన్నవాడు దాదాపు ఊరికే వస్తున్నాడన్నమాట.

తగువులన్నింటికీ వేరు ఇక్కడే ఉంది. నా శ్రమ నా పక్కవాడికి కూడా పనికొస్తుంది, నేను వద్దన్నా సరే. పరుగులో, ఈతలో ఈ లాభం కొద్దిగానే ఉంటుంది. సైకిల్ రేసులో అదే ఆట. ఎవరి వెనక దాక్కోవాలి, ఎవరిని ముందుకు పంపాలి, దాచుకున్న శక్తిని ఏ కిలోమీటర్లో ఖర్చు పెట్టాలి అన్నదే వ్యూహం. కొండల్లో వేగం గంటకు 20 కిలోమీటర్లకు పడిపోతుంది కాబట్టి ఈ నీడ విలువ తగ్గుతుంది. అక్కడ కిలో బరువుకు ఎన్ని వాట్లు తొక్కగలవన్నదే ముఖ్యం. అందుకే గ్రాండ్ టూర్లు ఎక్కువగా కొండల్లో, ఒంటరి టైమ్ ట్రయల్స్‌లో తేలతాయి. అక్కడికి ఎంత తాజాగా చేరాడన్నది మాత్రం మళ్లీ గాలి చేతుల్లోనే ఉంటుంది.

వేరేవాళ్ల కోసం తొక్కేవాళ్లు

టూర్‌లో ఒక్కో జట్టుకు ఎనిమిదిమంది. సాధారణంగా అందులో ఒకడు నాయకుడు. మిగతావాళ్లు అతనికి గాలి అడ్డుకుంటారు, జట్టు కారు నుంచి నీళ్ల బాటిళ్లు వీపు నిండా కుక్కుకుని తెచ్చిస్తారు, పంక్చరైతే తమ చక్రమో సైకిలో ఇచ్చేస్తారు. వీళ్లను డొమెస్టిక్ అంటారు. ఫ్రెంచ్‌లో ఆ మాటకు ఇంటి పనివాడని అర్థం. 1911లో టూర్ నిర్వాహకుడు ఆంరీ డెగ్రాంజ్ మోరిస్ బ్రోకో అనే రైడర్‌ను తిట్టడానికి వాడిన మాట అది. ఇంకొకరికి సాయంగా తొక్కాడన్నదే అతని నేరం.

డెగ్రాంజ్ దృష్టిలో యోగ్యత అంటే ఒంటరితనం. 1913లో టూర్‌మలే కొండ దిగుతుండగా యూజీన్ క్రిస్టోఫ్ సైకిల్ ముందు ఫోర్క్ విరిగింది. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సాంత్ మారీ ద కాంపాన్ ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర సొంత చేతులతో ఫోర్క్ అతికించుకున్నాడు. గంటలు గడిచిపోయాయి. అయినా శిక్ష తప్పలేదు, ఎందుకంటే కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రాడు. బయటి సాయం తీసుకున్నట్టు లెక్క.

ఇప్పుడు ఆ సాయమే ఉద్యోగం. ఆటే మారిపోయింది, కానీ మన మనసులో డెగ్రాంజ్ ఇంకా బతికే ఉన్నాడు. ఒకడు జట్టు వెనక కూర్చుని చివరి నాలుగు కిలోమీటర్లు మాత్రమే దూకి, అంటే ఒక్కసారిగా వేగం పెంచి, గెలిస్తే "ఇదేం గెలుపు?" అనిపించేది అందుకే. జట్టు సాయం సబబే అనేవాళ్ల మాటలోనూ బలముంది: ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడిని "పాస్ ఇచ్చింది వేరేవాడు కదా" అని ఎవరూ తగ్గించరు. పారిస్‌లో పసుపు జెర్సీ వేసుకున్నవాడు తన ప్రైజ్ మనీని జట్టుతో పంచుకోవడం పాత ఆనవాయితీ. రైడర్లకు ఈ విషయంలో అనుమానాలు లేవు, ఉన్నవి చూసే మనకే.

సెప్ కుస్‌ది గెలుపా, కానుకా?

పనివాడే ముందుకొచ్చేస్తే ఏం చేయాలి? 2012 టూర్‌లో ఈ చిక్కు తొంగిచూసింది. లా తుసుయిర్ కొండ మీద స్కై జట్టు డొమెస్టిక్ ఫ్రూమ్ తన నాయకుడు బ్రాడ్లీ విగ్గిన్స్‌ను దాటి వెళ్లి, మళ్లీ వేగం తగ్గించి ఆగాడు. విగ్గిన్స్ ఆ టూర్‌ను 3 నిమిషాల 21 సెకన్ల తేడాతో గెలిచాడు, రెండో స్థానం ఫ్రూమ్‌దే. వదిలేసి ఉంటే ఫ్రూమ్ గెలిచేవాడని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఏడాది టైమ్ ట్రయల్ కిలోమీటర్లు ఎక్కువ, రెండు పెద్ద టైమ్ ట్రయల్స్‌నూ విగ్గిన్సే గెలిచాడు కాబట్టి ఆ నమ్మకం లెక్కకు నిలవదని మిగతావాళ్లు అంటారు.

అసలు పరీక్ష 2023 వుయెల్టాలో వచ్చింది. జంబో-విస్మా జట్టులో ప్రిమోజ్ రోగ్లిచ్ ఆ ఏడాది జిరో గెలిచాడు, యోనాస్ వింగెగార్డ్ టూర్ గెలిచాడు. రెండు చోట్లా కొండల్లో వాళ్లకు ముందుండి లాగినవాడు అమెరికన్ సెప్ కుస్. మూడో గ్రాండ్ టూర్‌లోనూ అదే పని మీద వచ్చాడు. ఆరో స్టేజీలో ముందు వెళ్లిన గుంపులో కుస్ ఉన్నాడు, పనివాడే కదా అని వెనకవాళ్లు గట్టిగా తరమలేదు. అతను ఆ స్టేజీ గెలిచి, నిమిషాలు సంపాదించి, ఎనిమిదో స్టేజీ ముగిసేసరికి ఎర్ర జెర్సీ వేసుకున్నాడు.

ఆ తర్వాత సొంత జట్టువాళ్లే అతని మీదికి వచ్చారు. 16వ స్టేజీలో వింగెగార్డ్ ఒంటరిగా వెళ్లి గెలిచాక కుస్‌కు మిగిలిన ఆధిక్యం 29 సెకన్లు. మర్నాడు ఆంగ్లీరు. స్పెయిన్‌లో నిట్టనిలువు కొండ అంటే ఎవరైనా మొదట చెప్పే పేరది. రోగ్లిచ్, వింగెగార్డ్ ఇద్దరూ కుస్‌ను వదిలి వెళ్లిపోయారు. కుస్ ముందు తొక్కుతూ కనిపించింది వేరే జట్టు రైడర్ మికెల్ లాండా. రోగ్లిచ్ స్టేజీ గెలిచాడు, వింగెగార్డ్ రెండో స్థానం, కుస్ 19 సెకన్ల తర్వాత మూడో స్థానం.

లెక్క వేద్దాం. 29లోంచి 19 పోతే 10. బోనస్‌లో వింగెగార్డ్‌కు 6, కుస్‌కు 4. ఆ తేడా 2. మిగిలింది 8 సెకన్లు. ఆ రాత్రి తర్వాత జట్టు కుస్‌నే కాపాడాలని నిర్ణయించింది. మాడ్రిడ్‌లో కుస్ 17 సెకన్ల తేడాతో విజేత, వింగెగార్డ్ రెండు, రోగ్లిచ్ మూడు. ఒకే ఏడాది మూడు గ్రాండ్ టూర్లూ గెలిచిన జట్టు అంతకుముందు లేదు.

"కానుకే" అనేవాళ్ల వాదన తేలికైంది కాదు. చివరి రోజుల్లో కొండల్లో ఎవరు బలంగా ఉన్నారో ఆంగ్లీరు చూపించింది. వింగెగార్డ్‌ను స్వేచ్ఛగా వదిలితే 8 సెకన్లు ఒక మలుపులో పోయేవి. జట్టు అతన్ని ఆపింది, కాబట్టి ఫలితాన్ని రోడ్డు తేల్చలేదని వాళ్లంటారు. అవతలివాళ్లు ఇలా అంటారు: ఆరో స్టేజీలో సంపాదించిన నిమిషాలు కూడా రోడ్డు మీద తొక్కినవే. పైగా జిరో, టూర్ రెండూ పూర్తిగా తొక్కి, రెండింట్లో వేరేవాళ్ల కోసం అరిగిపోయి వచ్చిన కాళ్లవి.

నా మట్టుకు నాకు రెండో మాటే నచ్చుతుంది. జట్టు మాట విని ఆగడం వల్ల ఫలితం మారిందంటే, అదే జట్టు మాట విని ఫ్రూమ్ ఆగినప్పుడూ మారి ఉండాలి, కుస్ అంతకుముందు నెలల తరబడి ఇద్దరి కోసం ఆగినప్పుడూ మారి ఉండాలి. ఒక్కచోట లెక్కపెట్టి మిగతాచోట్ల వదిలేయడం కుదరదు.

గుంపు వదిలేసినవాడు గెలిస్తే

ముందు తప్పించుకుని వెళ్లే చిన్న గుంపును బ్రేక్‌అవే అంటారు. మొత్తం పట్టికలో బాగా వెనకున్నవాళ్లు వెళ్తే పెలోటాన్ పట్టించుకోదు. వాళ్లను తరమాలంటే ఎవరో ఒకరు గాలిలో పని చేయాలి, ఆ ఎవరో నేనెందుకు కావాలి అని ప్రతి జట్టూ అనుకుంటుంది. సాధారణంగా నష్టం ఉండదు. 2006 టూర్‌లో ఉంది. 13వ స్టేజీలో ఆస్కర్ పెరెయిరో ఉన్న గుంపును వదిలేస్తే దాదాపు 30 నిమిషాలు ముందు చేరింది, పసుపు జెర్సీ అతనికి వచ్చింది. చివరికి ఫ్లాయిడ్ ల్యాండిస్ 57 సెకన్ల తేడాతో గెలిచాడు కానీ డోపింగ్‌లో దొరికి టైటిల్ పోగొట్టుకున్నాడు. పెరెయిరో విజేత అయ్యాడు. అతను ఆ స్థానానికి అర్హుడేనా అని అడిగేవాళ్లు ఒకటి మరిచిపోతారు: అరగంట ఇచ్చింది అవతలివాళ్లు, కానీ ఆ తర్వాత ఆల్ప్స్ కొండల్లో దాన్ని పూర్తిగా కరగనివ్వకుండా నిలిచింది పెరెయిరో.

డోపింగ్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 1999 నుంచి 2005 వరకు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్లు 2012లో రద్దయ్యాయి. అందుకే ఈ ఆట అభిమానికి ఏ అసాధారణ విజయాన్ని చూసినా ఆనందం వెనకాలే ఒక టెన్షన్ ఉంటుంది. దాన్ని మనసులోంచి తీసేయమని ఎవరికీ చెప్పలేం. ఆధారం లేకుండా ఒకరి మీద నింద వేయడం మాత్రం విశ్లేషణ కాదు.

డబ్బున్న జట్టు రేసును కొనేస్తుందా?

స్కై జట్టు 2012 నుంచి టూర్‌లో తెచ్చిన పద్ధతికి రైలు అని పేరు. కొండ ఎక్కేటప్పుడు నలుగురైదుగురు బలమైన రైడర్లు వరసగా ముందుండి, ఎవరూ దూకి పారిపోలేనంత వేగంతో తొక్కుతారు. ఒకడు అలిసి పక్కకు తప్పుకోగానే తర్వాతివాడు అందుకుంటాడు. వేరే జట్టులో అయితే నాయకులు కాగలిగినవాళ్లు ఇక్కడ రైలు పెట్టెలు. అలాంటివాళ్లను ఒకేచోట పెట్టుకోవాలంటే జీతాలు ఇవ్వాలి, జీతాలకు డబ్బు కావాలి. సైకిల్ రేసింగ్‌లో ఐపీఎల్‌లో ఉన్నట్టు వేలానికి పరిమితి పెట్టే పద్ధతి లేదు. స్పాన్సర్ ఎంత ఇస్తే అంత.

డబ్బుతో వ్యూహం కొనవచ్చు, అయినా అన్నిసార్లూ పనిచేయదు అనడానికి ఒకే రైడర్ జీవితంలోంచి రెండు ఉదాహరణలు దొరుకుతాయి.

2020 టూర్‌లో జంబో-విస్మా రైలు మూడు వారాలు రోగ్లిచ్‌ను మోసింది. 20వ స్టేజీ ముందు అతను 57 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. రెండో స్థానంలో ఉన్న 21 ఏళ్ల తదే పొగాచర్‌కు కొండల్లో చాలాసార్లు పక్కన జట్టువాళ్లే లేరు. మిగిలింది లా ప్లాంష్ దే బెల్ ఫీ మీదికి ఎక్కే టైమ్ ట్రయల్. అందులో ఎవరి వెనకా ఎవరూ దాక్కోలేరు. పొగాచర్ ఒక్కరోజులో రోగ్లిచ్ కంటే 1 నిమిషం 56 సెకన్లు వేగంగా తొక్కి, టూర్‌ను 59 సెకన్లతో గెలిచాడు.

2022లో అదే పొగాచర్ పసుపు జెర్సీలో ఉన్నాడు. 11వ స్టేజీలో కొల్ దు గ్రానోన్‌కు చాలా ముందు నుంచే జంబో-విస్మా అతని మీద పడింది. రోగ్లిచ్ దూకితే పొగాచర్ వెళ్లి పట్టుకోవాలి. పట్టుకుని ఊపిరి పీల్చుకునేలోపు వింగెగార్డ్ దూకుతాడు. మళ్లీ రోగ్లిచ్. వాళ్లకు ఇద్దరు నాయకులు, ఇతనికి ఒక్కడి కాళ్లు. చివరి కొండ మీద పొగాచర్ వాడిపోయాడు. ఆ ఒక్కరోజే వింగెగార్డ్‌కు 2 నిమిషాల 51 సెకన్లు కోల్పోయాడు. ఆ టూర్ చివరి తేడా 2 నిమిషాల 43 సెకన్లు.

"ఒక్కడిని ఇద్దరు కొట్టారు" అని బాధపడ్డవాళ్లూ ఉన్నారు, "జట్ల ఆటలో జట్టుగా ఆడారు" అని చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చూసింది ఒక్కటే. మొదటివాళ్లు ఎవరి దగ్గర ఎక్కువ వాట్లు ఉన్నాయని అడుగుతున్నారు. రెండోవాళ్లు రేసు ఎవరు బాగా ఆడారని అడుగుతున్నారు. డబ్బు విషయంలో నాకు మొదటివాళ్ల దిగులే నిజమనిపిస్తుంది. చిన్న జట్టులో తయారైన కుర్రాడు మంచివాడని తేలగానే పెద్ద జట్టు రైలులో పెట్టె అయిపోతుంటే చూడటం కష్టంగా ఉంటుంది.

అవతలివాడి గొలుసు జారితే ఆగాలా?

2010 టూర్, 15వ స్టేజీ, పోర్ ద బాలెస్ కొండ. పసుపు జెర్సీలో ఉన్న ఆండీ ష్లెక్ 31 సెకన్లు ముందున్నాడు. దూకబోతుండగా అతని సైకిల్ గొలుసు పడిపోయింది. అల్బెర్టో కొంటడార్ ఆగకుండా వెళ్లిపోయి 39 సెకన్లు సంపాదించాడు. 31 వెనకున్నవాడు 8 ముందుకొచ్చాడు. పారిస్‌లో చివరి తేడా ఎంతో తెలుసా? సరిగ్గా 39 సెకన్లు. కొంటడార్ ఆ సాయంత్రమే క్షమాపణ చెప్పాడు. ఆ టూర్ టైటిల్ మాత్రం అతనికి మిగల్లేదు, డోపింగ్ కేసులో 2012లో పోయి ష్లెక్‌కు వెళ్లింది.

పసుపు జెర్సీకి దురదృష్టం ఎదురైతే ఆ సందులో దాడి చేయకూడదన్నది రాయని నియమం. మన క్రికెట్‌లో నాన్‌స్ట్రయికర్‌ను బౌలర్ రనౌట్ చేస్తే వచ్చే రచ్చ లాంటిదే ఇది. నియమం ఒప్పుకుంటుంది, మర్యాద ఒప్పుకోదు. క్రికెట్‌లో 2022 అక్టోబర్ నుంచి ఆ రనౌట్‌ను అన్యాయపు ఆట అనే సెక్షన్ నుంచి మామూలు రనౌట్ సెక్షన్‌లోకి మార్చారు. సైకిల్ రేసులో అలాంటి మార్పేమీ లేదు, ఎవరి మనస్సాక్షి వారిదే. గొలుసు జారడం దురదృష్టమా, తప్పు సమయంలో గేరు మార్చిన పొరపాటా అన్నది కూడా ఎవరూ తేల్చలేదు. పొరపాటైతే ఎందుకాగాలి?

ఆగినవాళ్లూ ఉన్నారు. 2022 టూర్ 18వ స్టేజీలో స్పాండెల్ కొండ దిగుతూ పొగాచర్ జారిపడితే, పసుపు జెర్సీలో ఉన్న వింగెగార్డ్ వేగం తగ్గించి ఎదురుచూశాడు. పొగాచర్ వచ్చి చేయి చాపాడు, కదులుతున్న సైకిళ్ల మీదే ఇద్దరూ చేతులు కలిపారు. ఆ తర్వాత ఒటకాం కొండ మీద వింగెగార్డ్ అతన్ని వదిలేసి గెలిచాడు. ఆ చేతులు కలిపిన దృశ్యం మాలో చాలామంది ఫోన్లలో ఇప్పటికీ ఉంది.

ఫినెస్ట్రే కొండ మీద ముగ్గురు

ఇప్పుడు చాయ్ బల్ల దగ్గరి తగువుకు వద్దాం. 2025 జిరో, 20వ స్టేజీ. కొల్లె దెల్లె ఫినెస్ట్రే 18 కిలోమీటర్లకు పైగా ఎక్కే కొండ, సగటు వాలు 9 శాతం పైన, పై భాగం మట్టి, కంకర రోడ్డు. ఆ పొద్దున పట్టిక ఇది: గులాబీ జెర్సీలో మెక్సికో కుర్రాడు ఇసాక్ డెల్ టోరో, వయసు 21. అతనికి 43 సెకన్ల వెనక ఈక్వడార్ రైడర్, 2019 జిరో విజేత రిచర్డ్ కారపాజ్. 1 నిమిషం 21 సెకన్ల వెనక బ్రిటన్ రైడర్ సైమన్ యేట్స్.

కారపాజ్ జట్టు కొండ మొదట్లోనే భీకరమైన వేగం పెట్టింది. కారపాజ్ దూకాడు, డెల్ టోరో అంటుకున్నాడు, యేట్స్ వెనకబడి మళ్లీ చేరాడు. తర్వాత యేట్స్ దూకాడు. ఒకసారి కాదు, వాళ్లు పట్టుకుంటున్న కొద్దీ మళ్లీ మళ్లీ. చివరికి పట్టుకోవడం ఆపేశారు.

డెల్ టోరో తలలోకి వెళ్లి చూద్దాం. యేట్స్‌ను తరిమితే కారపాజ్ నా వెనక కూర్చుని వస్తాడు. పైన నన్ను దాటేస్తాడు. అతనికి కావలసింది 43 సెకన్లే. జిరో గెలవాలంటే యేట్స్‌ను తరమాల్సింది అతనే కదా, తరమనీ. ఇప్పుడు కారపాజ్ తల. నేను తరిమితే గులాబీ జెర్సీని నా వీపు మీద మోసుకెళ్లినట్టు. చివర్లో ఆ కుర్రాడు నన్ను స్ప్రింట్‌లో కొడతాడు. జెర్సీ అతనిది, కాపాడుకోవాల్సిందీ అతనే. విడివిడిగా చూస్తే ఇద్దరి లెక్కా సరైనదే. రెండూ కలిస్తే ముందున్నవాడి తేడా 1:21 దాటిపోతుంది.

దాటిపోయింది. పైగా యేట్స్ జట్టు పొద్దున్నే వౌట్ వాన్ ఆర్ట్‌ను బ్రేక్‌అవేలో పంపింది. కొండకు ఆవల అతను యేట్స్ కోసం ఎదురుచూసి, దిగువన చదును రోడ్డులో తన వెనక దాచి లాగాడు. శంకర్‌పల్లి గాలిలో నాకు దొరికిన ఆ నిశ్శబ్దమే అక్కడ యేట్స్‌కు దొరికింది. వెనక ఇద్దరు మాత్రం ఎవరు ముందుకు రావాలో తేల్చుకోలేక దాదాపు ఆగిపోయారు. సెస్ట్రియెరే చేరేసరికి తేడా 5 నిమిషాలు దాటింది.

మాలో చిన్నవాడి వాదన: ఆ ఇద్దరూ వంతులు వేసుకుని తొక్కి ఉంటే యేట్స్ మూడో స్థానంలోనే ఉండేవాడు, కాబట్టి ఇది వాళ్లు పారేసుకున్న రేసు. దిగువన రోడ్డు వరకు చూస్తే ఈ మాట నిజం, అక్కడ ఇద్దరి వంతులకు చాలా విలువ ఉంటుంది. పక్కనాయన వాదన: 9 శాతం వాలు మీద, కంకరలో, నీడకు విలువ తక్కువ. అక్కడ యేట్స్ దూరం పెంచింది కాళ్లతోనే. వ్యూహం తర్వాత వచ్చింది. ఈ మాటా నిజమే. యేట్స్‌ది రెండు దశల్లో గెలిచిన గెలుపని నేను అనుకుంటాను. పైకి వెళ్లేటప్పుడు బలం, కిందికి వచ్చేటప్పుడు పొద్దున వేసిన పథకం. రెండోది మొదటిదాన్ని తగ్గించదు.

ఇదే కొండ మీద 2018లో ఇదే యేట్స్ కుప్పకూలాడు. పదమూడు రోజులు గులాబీ జెర్సీ వేసుకుని, ఫినెస్ట్రే ఉన్న 19వ స్టేజీలో ఒక్కరోజే అరగంటకు పైగా కోల్పోయాడు. ఆ రోజు ఇదే కొండ నుంచి 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి జిరో ఎత్తుకుపోయింది ఫ్రూమ్. 2025లో గీత దాటాక యేట్స్ ఏడ్చాడు. అది చూసి చాయ్ దగ్గర వాదించేవాళ్లలో ఒకరిద్దరు కాసేపు నోరు మెదపలేదు.

చివరి పట్టిక రోమ్‌లో ఖరారైంది. యేట్స్ మొదటి స్థానం. డెల్ టోరో 3 నిమిషాల 56 సెకన్ల వెనక. కారపాజ్ 4 నిమిషాల 43 సెకన్ల వెనక. ఫినెస్ట్రే కింద ఆ ఇద్దరి మధ్య ఉన్న తేడా 43 సెకన్లు. ఒకరినొకరు అంతసేపు కాపలా కాసిన తర్వాత, 47.